జర్మను ఓడల ఇంటి జెండాలు



జెండా యనగానే మనకు దేశము జ్ఞప్తికి వచ్చును. ఒక వర్తకుని కొట్టునకు జెండాతో పని యేమి యని మీరడుగవచ్చును. నేలమీది కొట్టునకు పని లేదు; గుమ్మముపై పేరు వ్రాసిన పలక యున్న చాలును. ఓడ సంగతి అట్లు కాదు. అది క్రోసెడు దూరమున అలలపై ఊగుచున్నప్పుడు దాని ప్రక్కను వ్రాసిన పేరు చదువుట యెవరి తరము? అందుచేత సముద్రవ్యాపారము చేయు ప్రతి సంస్థయు తనకొక జెండాను ఏర్పఱచుకొని, దానిని తన ఓడల పెద్ద కొయ్య కొనను ఎగురవేయుట ఐరోపాలో ఆచారమైనది. ఆ దేశములందు వర్తకసంస్థను 'ఇల్లు' అని పిలుతురు గనుక, దీనికి ఇంటి జెండా యని పేరు వచ్చినది. నేటి ప్రసంగమునకు జర్మను ఓడల ఇంటి జెండాలను నేను ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. నూఱేండ్లలో ఇన్ని దేశపు జెండాలను మార్చిన ఓడలు మఱియొక దేశమున అరుదు. వెనుకనున్న దేశపు జెండా దిగుచు, మాఱుచు, చినుగుచు నుండగా, పైనున్న ఇంటి జెండా మాత్రము తన గుఱుతును తాను నిలుపుకొనుచు వచ్చినది. ఆ కథ వినదగినది.

రేవు చేరిన ఓడమీద సాధారణముగా మూడు జెండాలు కనబడును. వెనుకభాగమున ఎగురునది ఓడ యే దేశమునకు చెందినదో తెలుపును. ముందుకొయ్యపైనిది అతిథి మర్యాద. ఏ దేశపు రేవులో ప్రవేశించితిమో ఆ దేశపు జెండా. పెద్ద కొయ్యపైనిది యజమానిది. ఈ మూడవది అలంకారమునకై పుట్టినది కాదు. హాంబర్గు పట్టణము సముద్రమునకు అఱువది మైళ్ళకు పైగా లోపల, ఎల్బ నది యొడ్డున నున్నది. నది సముద్రములో కలియుచోట కుక్సుహాఫెను కలదు. అచ్చటి కావలివాడు దుర్భిణితో చూచి ఓడను పోల్చవలెను. 1838లో ఈ రెండు ఊళ్ళ నడుమ వరుసగా బురుజులు కట్టి, కొయ్య చేతుల సంజ్ఞలతో వార్త నందించు ఏర్పాటు చేసిరి. ఫలానా యింటివారి ఓడ వచ్చుచున్నదని కొలదిసేపటిలో హాంబర్గు వర్తకునకు తెలియును. తెలిసినవాడు ముందుగా కూలీలను కుదుర్చుకొనును, సరుకునకు బేరము చేయును, కేవు లెక్క చూచుకొనును. తెలియనివాడు నష్టపోవును. కనుక ఇంటి జెండా దూరమునుండి తెలియునట్లుండవలెను. గాలి లేక వ్రేలాడినను, వానలో తడిసినను గుఱుతుపట్టవలెను. చక్కని బొమ్మకంటె మోటురంగు మేలు. మంచి ఇంటి జెండాలన్నియు ఈ నియమమునకు లోబడినవే.

ఆ కాలమున జర్మనీ యను ఏకరాజ్యము లేదు. హాంబర్గు, బ్రెమెను, ల్యూబెకు అను నగరములు వేనికవియే స్వతంత్రములు. హాంబర్గు ఓడల వెనుక ఎఱ్ఱ బట్టపై మూడు బురుజుల తెల్లకోట యెగిరెడిది. బ్రెమెను జెండాపై ఎఱుపు తెలుపు చారలుండెడివి. పంది మాంసపు పొరలవలె నున్నవని ఆ ఊరివారే దానిని హాస్యముగా 'కొవ్వుజెండా' యనిరి. తమ జెండాను తామే పరిహసించుకొనగల పౌరులయందు నాకు గౌరవము కలుగును.

1847 మే 27వ తేదీన హాంబర్గు వర్తకులు కొందఱు కూడి, అమెరికాకు క్రమముగా ఓడలు నడపుటకై ఒక సంస్థ స్థాపించిరి. దాని పూర్తి పేరు చాల పొడవు. ఆ పేరులోని తొలి అక్షరములు కూర్చి లోకమంతయు దానిని 'హపాగ్' అని పిలిచినది. దాని జెండాను మూలనుండి మూలకు రెండు గీతలతో నాలుగు భాగములు చేసి, రెండింటికి తెలుపు, రెండింటికి నీలము వేసిరి. నడుమ నల్లని లంగరు. దానిపై పసుపుపచ్చని డాలు. డాలుపై ఆ అక్షరములు. పదేండ్లు గడచిన పిమ్మట 1857 ఫిబ్రవరి 20న బ్రెమెనులో హెర్మను హెన్రిక్ మయ్యరు, ఎడువర్డు క్రూజెమను అనువారు 'నార్డుడాయిచర్ లాయిడ్' అను మఱియొక సంస్థను నెలకొల్పిరి. లాయిడ్ అనునది జర్మను పేరు కాదు. లండనులో ఓడ వర్తకులు కూడుచుండిన కాఫీ దుకాణపు యజమాని పేరది. ఓడవ్యాపారమునకే పర్యాయపదమై దేశదేశముల తిరిగినది.

లాయిడ్ వారి జెండా తెల్లనిది. దానిపై నీలపు రంగున ఒక లంగరు, ఒక తాళపుచెవి అడ్డముగా పెనవేసికొని యుండును. చుట్టును ఓకు ఆకుల దండ. లంగరు సరే, తాళపుచెవి యెందులకు? బ్రెమెను నగర చిహ్నము తాళపుచెవి. ఆ ఊరి పెద్దగుడికి రక్షకుడు పేతురు. క్రైస్తవ విశ్వాసము ననుసరించి స్వర్గద్వారపు తాళపుచెవులు ఆయన చేత నున్నవి. ఆ తాళపుచెవి గుడినుండి నగరపు ముద్రకును, ముద్రనుండి ఓడ జెండాకును వచ్చినది. ఆ జెండా క్రింద బ్రెమెరుహాఫెను రేవునుండి అమెరికాకు వలసపోయిన బీదజనము అసంఖ్యాకులు. 1830 మొదలు 1974 వఱకు ఆ యొక్క రేవునుండి, అన్ని సంస్థల ఓడలలోను కలిసి, డెబ్బదిలక్షల మందికి పైగా సముద్రము దాటిరి. పోలండునుండియు, రష్యానుండియు చేత మూటతో వచ్చిన రైతునకు ఆ నీలపు తాళపుచెవి యేమని తోచెనో మనము ఊహించుకొనవచ్చును.

అన్నింటిలోను నాకు ప్రీతియైనది లైస్ వారి జెండా. అందు చిత్రమేమియు లేదు. తెల్లని గుడ్డపై ఎఱ్ఱని రెండు రోమను అక్షరములు, 'ఎఫ్', 'ఎల్'. అంతే. ఫెర్డినాండు లైస్ టోపీలు కుట్టువాడు. 1824లో హాంబర్గులో పట్టుటోపీల పని ప్రారంభించి, వానిని దక్షిణామెరికాకు పంపుచు, ఇతరుల ఓడలకు కేవు ఇచ్చుటకంటె స్వంత ఓడయే మేలని తలచి 1839లో ఒకటి కట్టించెను. అతని కుమారుని భార్య సోఫీకి నొక్కులజుట్టు. ఇంటివారు ఆమెను ఉంగరాల బొచ్చుగల కుక్కజాతి పేరున 'పూడెల్' అని ముద్దుగా పిలిచెడివారట. 1857 నాటి ఒక ఓడకు ఆ పేరే పెట్టిరి. అది మొదలు ఆ యింటి ఓడల పేర్లు 'ప' కారముతో ప్రారంభమగుట ఆచారమైనది: పోటోసి, ప్రోయిస్సెన్, పెకింగ్, పస్సాట్, పామీర్. కోడలి ముద్దుపేరు ఒక నౌకాదళమునకు నామకరణము చేసినది.

ఈ ఓడలు తెఱచాపలవి. ఆవిరి ఓడలు లోకమును ఆక్రమించిన తరువాత కూడ ఇవి దక్షిణామెరికా కొన నున్న హారన్ అగ్రమును చుట్టి చిలీనుండి నత్రజని లవణమును తెచ్చెడివి. ఆ సరుకు పొలమునకు ఎరువు, ఫిరంగికి మందు. అది చెడదు, తొందర లేదు. గాలికి వెల లేదు. అందుచే లాభము మిగిలెడిది. 1902లో కట్టిన ప్రోయిస్సెన్ అయిదు కొయ్యలు, నలువదియేడు తెఱచాపలు గల మహానౌక. 1910 నవంబరులో ఒక ఆంగ్లేయ ఆవిరి ఓడ దాని వేగమును సరిగా అంచనా వేయలేక ముందునుండి దాటబోయి ఢీకొనగా, అది డోవరు వద్ద రాళ్ళపాలైనది. ఇంతలో జర్మను రసాయనజ్ఞులు గాలినుండియే నత్రజనిని తీయు విద్యను కనుగొనిరి. 1913లో కర్మాగారము వెలసినది. చిలీ సరుకునకు గిరాకి క్రమముగా క్షీణించి, తెఱచాపల కాలము ముగిసినది.

ఇక దేశపు జెండా సంగతి. 1867లో ఉత్తర జర్మను రాజ్యములు ఒక కూటమిగా ఏర్పడి, నలుపు తెలుపు ఎఱుపుల జెండాను కల్పించినవి. నలుపు తెలుపులు ప్రష్యావి. తెలుపు ఎఱుపులు రేవు నగరములవి. అనగా ఆ జెండా సముద్రముకొఱకే పుట్టినది. 1868 ఏప్రిలు ఒకటవ తేదీనుండి ఓడలపై కోటయు చారలును దిగి ఇది యెక్కినది. 1871లో సామ్రాజ్యము వచ్చినను ఇదియే నిలిచినది.

ఆ జెండా క్రింద హపాగ్‌ను లోకములోకెల్ల పెద్ద ఓడసంస్థగా చేసినవాడు ఆల్బర్టు బల్లీన్. 1857లో హాంబర్గు రేవుప్రక్కన ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి వలసపోవువారికి టిక్కెట్లు కుదుర్చు దళారి. 1886లో హపాగ్‌లో ప్రయాణికుల శాఖాధికారిగా చేరి, 1899లో సర్వాధికారి యయ్యెను. 'నా పొలము లోకమే' యనునది ఆ సంస్థ వాక్యము. 1914 నాటికి దాని ఓడలు పదిలక్షల టన్నులు దాటినవి. చక్రవర్తి అతని యింట విందారగించెడివాడు. అయినను సైన్యాధికారుల కులీనసభలలో బల్లీన్‌కు సమానస్థానము లభింపలేదు. ఆంగ్లేయులతో యుద్ధము వలదని అతడు కడవఱకు పాటుపడెను. యుద్ధము రానే వచ్చినది.

ఆ యుద్ధము మన తీరమునకును వచ్చినది. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెను అను జర్మను యుద్ధనౌక మద్రాసుపై గుండ్లు కురిపించి నూనెతొట్లను తగులబెట్టినది. ఎన్నో కుటుంబములు పట్టణము విడిచి పల్లెలకు పోయినవి. అఱవ భాషలో గడుసువానిని 'ఎండెన్' అనుట నాటినుండి అలవాటైనది. ఎండెనునకు బొగ్గు మోసికొనుచు వెంట తిరిగినది హపాగ్ వారి మార్కోమానియా. బల్లీన్ వర్తకమునకై కట్టించిన ఓడ ఫిరంగులకు దాసియై బంగాళాఖాతమున సంచరించినది.

హిందూదేశమునకు సంబంధించిన మఱియొక ఓడ కథ యిచ్చట చెప్పక తప్పదు. 1890లో గ్లాస్గోలో ఒక హాంబర్గు సంస్థకై కట్టిన స్టబ్బెన్‌హుక్ అను ఓడ తరువాత హపాగ్ చేతికి వచ్చి, 1894లో సిసిలియా అను పేరు ధరించి, దాదాపు ఇరువదియేండ్లు ఆ నీలపు తెల్లని జెండా నెగురవేసెను. 1913లో జపానువారు కొని పేరు మార్చిరి. ఆ క్రొత్త పేరు మీరెఱిగినదే: కోమగాట మారు. 1914లో 376 మంది హిందూదేశీయులను, అందు పంజాబువారే అధికులు, వాంకూవరునకు కొనిపోగా కెనడా ప్రభుత్వము ఇరువదినలుగురిని మాత్రము దిగనిచ్చి, తక్కినవారిని రెండు నెలలు నీటిమీదనే నిలిపి వెనుకకు పంపినది. కలకత్తా సమీపమున బజ్‌బజ్ రేవులో వారిపై తుపాకులు పేలినవి. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. హపాగ్ జెండా క్రిందనే ఇటువంటిది మఱియొకటి రాగలదు.

1918 నవంబరు 9న చక్రవర్తి సింహాసనచ్యుతుడయ్యెను. ఆ దినముననే బల్లీన్ నిద్రమందు అతిగా మ్రింగి మరణించెను. తరువాతి సంధి ననుసరించి జర్మనీ 1600 టన్నులకు మించిన వర్తకపు ఓడలన్నింటిని జయించినవారికి అప్పగింపవలసి వచ్చినది. బల్లీన్ కలలుగన్న మూడు మహానౌకలలో ఇంపరేటరు, బెరెంగారియా యై ఆంగ్లేయుల కునార్డు సంస్థకు పోయినది. ఫాటెర్‌లాండ్, లెవయతన్ పేరుతో అమెరికా జెండా నెత్తినది. బిస్మార్కు, మెజెస్టిక్ అయి వైట్ స్టార్ వారికి చేరినది. రేవులలో హపాగ్ జెండాలు ఉన్నవి, ఎగురవేయుటకు పెద్ద ఓడలే లేవు.

క్రొత్తగా వచ్చిన ప్రజారాజ్యము 1919లో నలుపు ఎఱుపు బంగారు వన్నెలను దేశపు జెండాగా స్వీకరించెను. ఓడల యజమానులు ఒప్పుకొనలేదు. ఆ రంగులు సముద్రముపై దూరమునుండి తెలియవని వారు వాదించిరి. అది కొంత నిజము. అయితే వారి మనస్సులోని అసలు వెలితి పాత సామ్రాజ్యముపై మమకారము. రాజీగా, ఓడలపై పాత నలుపు తెలుపు ఎఱుపే యుండును, దాని మూలను మాత్రము క్రొత్త రంగులు చిన్నవిగా చేర్చవలెనని రాజ్యాంగములోనే వ్రాసిరి. ఈ రాజీ శాంతి నీయలేదు. 1926 మేనెలలో, విదేశపు రేవులలోని జర్మను రాయబార కార్యాలయములపై ఈ ఓడజెండాను కూడ ఎగురవేయవలెనని ఆజ్ఞ పుట్టగా, వారము దినములలో ప్రధాని లూథరు మంత్రివర్గమే కూలిపోయినది. గుడ్డముక్కకై మంత్రివర్గము కూలునా యని నవ్వకుడు. ఆ దేశమున ఆనాడు ఒక్కొక్క రంగు ఒక్కొక్క కక్ష.

1933లో హిట్లరు వచ్చెను. నలుపు తెలుపు ఎఱుపుతోపాటు స్వస్తిక జెండాను కూడ ఎగురవేయవలెనని ఆజ్ఞ యైనది. లాయిడ్ వారి బ్రెమెను అను ఓడ, 1929లో తొలి ప్రయాణముననే అట్లాంటికును అత్యంత వేగముగా దాటి కీర్తి గడించినది, 1935 జులై 26వ తేదీ రాత్రి న్యూయార్కు రేవున కట్టియుండెను. నాజీల దౌర్జన్యములను నిరసించు జనము వేలకొలది కూడినది. కొందఱు కళాసులు ఓడ నెక్కి, ముందుభాగమున నున్న స్వస్తిక జెండాను పెఱికి హడ్సను నదిలో పాఱవైచిరి. నలుపు తెలుపు ఎఱుపును ముట్టలేదు, తాళపుచెవిని ముట్టలేదు. న్యాయాధికారి బ్రాడ్‌స్కీ నిందితులలో పెక్కుమందిని విడిచిపెట్టుచు ఆ జెండాను సముద్రపు దొంగల జెండాతో పోల్చెను. జర్మనీ మండిపడినది. సెప్టెంబరు 15న న్యూరెంబర్గులో క్రొత్త శాసనము చేసి స్వస్తికనే దేశమునకును ఓడలకును ఏకైక పతాకము గావించిరి. అదే దినమున చేసిన మఱియొక శాసనము యూదులు ఆ జెండాను ఎగురవేయరాదని నిషేధించెను. హపాగ్ తన పెద్దను స్మరించి 1923లో నడిపిన ఆల్బర్టు బల్లీన్ అను ఓడకు ఆ 1935లోనే పేరు మార్చి హాన్సా యనిరి. చనిపోయి పదునేడేండ్లయిన వాని పేరు కూడ బరువయ్యెను.

నాలుగేండ్లు గడచినవి. 1939 మే 13న హపాగ్ వారి సెయింట్ లూయిస్ 937 మంది ప్రయాణికులతో హాంబర్గు విడిచెను. వారిలో దాదాపు అందఱును యూదులు. క్యూబాకు శరణార్థులై పోవుచుండిరి. వెనుక స్వస్తిక, పైన బల్లీన్ నాటి లంగరు. కప్తాను గుస్టాఫ్ ష్రోడర్ వారిని అన్ని ప్రయాణికులవలెనే మర్యాదతో చూడవలెనని సిబ్బందికి కట్టడి చేసి, ప్రార్థనవేళ భోజనశాలలోని హిట్లరు రూపమును మరుగుపఱచుటకు అనుమతించెను. హవానాలో ఇరువదియెనమండ్రు మాత్రము దిగగలిగిరి. అమెరికా దీపములు కనబడుచుండగా తీరము వెంట తిరిగిరి; చేరనిచ్చినవారు లేరు. ష్రోడర్ వారిని జర్మనీకి తిరిగి కొనిపోక జాగు చేసెను. తుదకు నాలుగు దేశములు పంచుకొనుటకు ఒప్పుకొనగా జూన్ 17న ఆంట్వెర్పు చేరెను. యుద్ధము వచ్చి, జర్మను సైన్యము ఆ దేశములలో మూడింటిని ఆక్రమించినప్పుడు, వారిలో 254 మంది హతులైరి. కోమగాట మారు ప్రయాణికులను త్రిప్పిపంపి అప్పటికి ఇరువదియైదేండ్లు. ఇజ్రాయేలు 1993లో ష్రోడర్‌ను, ఆయన గతించిన చాల కాలమునకు, సత్పురుషుల జాబితాలో చేర్చి గౌరవించెను.

హిందూదేశముతో అధికముగా వర్తకము చేసిన జర్మను సంస్థ హపాగ్ కాదు, లాయిడ్ కాదు. 1881లో బ్రెమెనులో స్థాపించిన 'హాన్సా'. ఎనిమిది మొనలుగల మాల్టా శిలువ దాని గుఱుతు. దాని ఓడల పేర్లు కొండకోటల పేర్లవలె 'ఫెల్స్' అని ముగియును. బొంబాయి, మద్రాసు, కలకత్తా రేవులకు రైలుయంత్రములవంటి బరువుసామాను తెచ్చుటలో వీరు ఆరితేఱినవారు. 1939లో యుద్ధము ప్రారంభము కాగానే వారి ఎరెన్‌ఫెల్స్, డ్రాకెన్‌ఫెల్స్, బ్రౌన్‌ఫెల్స్ అను మూడు ఓడలు పోర్చుగీసు గోవాలోని మార్ముగోవా రేవున తల దాచుకొన్నవి. పోర్చుగలు తటస్థరాజ్యము, ఎవరును ముట్టరాదు. ఎరెన్‌ఫెల్స్‌నుండి రహస్యముగా రేడియోవార్తలు జలాంతర్గాములకు పోవుచున్నవని ఆంగ్లేయులు తలచిరి. 1943 మార్చి 9వ తేదీ రాత్రి కలకత్తాలోని స్వచ్ఛంద సైనికులు కొందఱు, నడివయస్సు దాటిన వర్తకులును గుమాస్తాలును, ఫీబీ అను పడవలో వచ్చి ఓడపైకి ప్రాకిరి. జర్మనులు తమ ఓడలను తామే ముంచుకొనిరి. ఈ సంగతి చిరకాలము బయటికి పొక్కలేదు.

1945లో జర్మను రాజ్యమే లేకపోయినది. రాజ్యము లేనివానికి జెండా యేది? 1946 నవంబరులో విజేతలు ఒక ఆజ్ఞ చేసిరి: జర్మను ఓడలు సంజ్ఞాజెండాలలో 'సి' అను అక్షరమును తెలుపు జెండాను చివర చీల్చి వెనుక కట్టుకొనవలెను. అది ఏ దేశపు పతాకమును కాదు. ఇది జర్మను ఓడ యని తెలిపెడి చీటి మాత్రమే. 1951లో నలుపు ఎఱుపు బంగారు వన్నెలు తిరిగి వచ్చువఱకు ఇదియే గతి. ఈ నడిమి కాలమునందే, 1947లో, హాంబర్గు నగరము తన సరస్సుప్రక్కని వీధికి బల్లీన్ పేరు పెట్టినది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. లైస్ వారి పూర్వపు ఓడ పామీర్, అప్పటికి ఇతరుల చేతిలో శిక్షణనౌకగా నుండి, 1957 సెప్టెంబరు 21న అట్లాంటికు తుపానులో మునుగగా, 86 మందిలో ఆఱుగురే బ్రతికిరి. 1970లో హపాగ్, లాయిడ్ ఒక్కటైనవి. నూటపదుమూడేండ్లు ఎగిరిన తాళపుచెవి జెండా దిగినది. 1980లో హాన్సా దివాలా తీసెను. 1871లో పుట్టి, ఎఱ్ఱకొనల తెల్ల పొగగొట్టములతో ప్రసిద్ధికెక్కిన హాంబర్గు-జ్యూడ్ సంస్థను 2017లో డేనులు కొనిరి. ఆ పేరును కూడ విరమింతుమని 2023లో ప్రకటించిరి.

నేడు ఓడ యెవరిదో చెప్పుటకు జెండా అక్కఱలేదు. పెట్టెల ఓడల ప్రక్కన యజమాని పేరు నిలువెత్తు అక్షరములతో వ్రాసియుండును. దేశపు జెండాయే చిక్కు. జర్మను యజమానుల ఓడలలో పెక్కింటి వెనుక లైబీరియా, పోర్చుగలు, ఆంటిగువా పతాకములు ఎగురుచున్నవి. పన్ను తక్కువ, జీతములు తక్కువ. అయినను టోపీల లైస్ వారి యిల్లు నేటికిని నిలిచియున్నది, ఓడలకు 'ప' కారముతో పేర్లు పెట్టుట మానలేదు. 1911లో వారు కట్టించిన పెకింగ్ అను నాలుగు కొయ్యల ఓడ చేతులు మాఱి మాఱి, న్యూయార్కులో ప్రదర్శనగా నలువదేండ్లకు పైగా నుండి, 2017లో మఱియొక ఓడపై నెక్కి సముద్రము దాటి వచ్చినది. మూడేండ్లు మరమ్మతు చేసిరి. 2020 సెప్టెంబరులో దానిని ఎల్బ నదిమీదుగా లాగికొనివచ్చి హాంబర్గు రేవున కట్టిరి.